కడప బండ డ్యాష్‌బోర్డు

ఈ సంగతి రాయొద్దని మా ఆవిడ అంది. రాస్తే పరువు పోతుందట. పోవాల్సింది ఎప్పుడో పోయింది కనుక రాస్తున్నాను.

కడపలో నాకు బండల పాలిష్ షెడ్డు ఉంది. గనుల నుంచి నాపరాళ్ళు గరుకుగా లారీల్లో వస్తాయి, మా దగ్గర నున్నగా తయారై ఇళ్ళ అరుగులకూ వంటింటి గట్లకూ పోతాయి. నలుగురు పనివాళ్ళు, రెండు మిషన్లు, పొద్దంతా చెవులు చిల్లులు పడే రొద. ఆ రొదలో మాట్లాడీ మాట్లాడీ నాకు అరవడం అలవాటైందని బయటివాళ్ళకు చెప్పుకుంటాను. నిజానికి రొద లేనప్పుడు కూడా అరుస్తాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

కొన్నేళ్ళ కిందట బెంగళూరులో ఒక పాత స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉందని తెలిసింది. రెండే సీట్లు, మడిచి వెనక పడేసే గుడ్డ పైకప్పు, పొడుగాటి ముక్కు. వయసులో నాకంటే పెద్దది. ఏదో దేశంలో తయారై, కాఫీ తోటల వాళ్ళింట్లో ముసలిదై, చివరికి నా పాలపడింది. కడప ఎండల్లో పైకప్పు లేని కారేమిటయ్యా అని నన్ను అడగని మనిషి లేడు. నాకు ఇష్టం, అంతే. చిన్నప్పుడు మంగలి షాపు క్యాలెండర్లో అలాంటి కారు చూశాను. ఎన్నిసార్లు జుట్టు కత్తిరించుకున్నా ఆ బొమ్మ కేసే చూస్తూ కూర్చునేవాణ్ణి.

కారు వస్తే సరిపోదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆ మనిషి నా దగ్గరే ఉన్నాడు. మా నాయన జీపును ముప్పై ఏళ్ళు తోలిన డ్రైవరు. ఆయన్ని నేను మామా అని పిలుస్తాను. మేం హిందువులం, ఆయన ముసల్మాను. మా వైపు వరసలకు అదేం అడ్డం రాదు. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే, గేరు తప్పు వేస్తే తొడ మీద చురుక్కుమనేలా ఒకటి పీకేవాడు. మా నాయన పోయాక జీపు అమ్మేశాను గానీ మామను పంపలేదు. షెడ్డు తాళాలూ, ఆ తర్వాత కారు తాళమూ ఆయన దగ్గరే ఉండేవి.

మామకు మీటర్ల మీద నమ్మకం తక్కువ. జీపు కాలం నుంచీ పెట్రోలు ఎంత ఉందో పుల్లతోనే చూసేవాడు. మూరెడు వెదురు పుల్ల, దానికి చాకుతో పెట్టిన నాలుగు గాట్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ట్యాంకు మూత తిప్పి, పుల్ల అడుగుదాకా దించి, తీసి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి, పుల్లను లుంగీకి తుడుచుకుని లోపల పెట్టేవాడు. స్పోర్ట్స్ కారు వచ్చాక దాని ట్యాంకుకు సరిపడా కొత్త పుల్ల చేసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. నలుగురూ చేరి ఆ కారును చూస్తుంటే, ఈయన మధ్యలో వచ్చి బావిలో చేంతాడు దించినట్టు పుల్ల దించేవాడు.

ఇక డ్యాష్‌బోర్డు సంగతి. కారు వచ్చినప్పుడు మీటర్లు బిగించిన ఇనప రేకు తుప్పు పట్టి జల్లెడలా ఉంది. కొత్త రేకు చేయిద్దామని మామ అన్నాడు. నేను వింటానా? బండల వ్యాపారిని నేను. అర అంగుళం మందాన నల్లని కడప బండ కోయించి, అయిదు మీటర్లకు అయిదు గుండ్రటి బెజ్జాలు వేయించి, అద్దంలా పాలిష్ పట్టించాను. మా షెడ్డులో మోటార్లు చూసే ఫిట్టరు మీటర్లన్నీ అందులో బిగించాడు. బండలో మొహం కనపడేది. ప్రపంచంలో ఏ కారుకూ ఇలాంటి డ్యాష్‌బోర్డు ఉండదని చెప్పుకు తిరిగాను. అందులో మాత్రం అబద్ధం లేదు.

రాయి బిగించిన కొన్నాళ్ళకు మామ ఒక మాట అన్నాడు.

"లైట్లు ఏస్తే పెట్రోలు ముల్లు కిందికి జారతాండాది నాయనా. లైట్లు యేమన్నా పెట్రోలు తాగుతాయా?"

"లైట్లు వేస్తే ఇంజను మీద బరువు పడదా మామా? తాగుతాయి" అన్నాను. ఏమీ తెలియనివాడు మాట్లాడినంత గట్టిగా ఇంకెవరూ మాట్లాడరు.

"తాగితే తాగినాయిలే. ఆర్పేస్తే ముల్లు మళ్ళా పైకి వస్తాండాది. కక్కుతాయా?"

పక్కన పనివాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఎటు తిరగాలో తెలియక పుల్ల మీదికి తిరిగింది. ఆయన చేతిలోంచి లాక్కుని మోకాలికేసి రెండు ముక్కలు చేసి అవతల పారేశాను. "ఇంత రాయి పెట్టించి, ఇన్ని మీటర్లు పెట్టించింది నువ్వు పుల్లలు ముంచడానికా? ఇకనుంచి మీటరు ఎంత చెబితే అంత!" అన్నాను. మామ ఆ ముక్కల్ని ఏరుకుని చెత్తబుట్టలో వేశాడు. అంతే, ఇంకో పుల్ల చేసుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో పెట్రోలు పోవడం మొదలైంది. సాయంత్రం కారు షెడ్డులో పెట్టేటప్పుడు ముల్లు సగం మీద ఉండేది. పొద్దున తాళం తిప్పితే పావు దగ్గర ఉండేది. మొదటిసారి పొరపాటు పడ్డాననుకున్నాను. రెండోసారి కింద పడుకుని ట్యాంకు కారుతోందేమో చూశాను. ఒక్క చుక్క లేదు, వాసనా లేదు. మూడోసారి సాయంత్రం ముల్లు ఎక్కడుందో అక్కడ మీటరు అద్దం మీద నల్ల టేపు ముక్క అంటించాను. తెల్లారి చూస్తే ముల్లు టేపుకు బాగా కింద ఉంది. షెడ్డు తాళం మామ దగ్గర, కారు తాళం మామ దగ్గర. ఇంకేం కావాలి?

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే ఈ రాత ఉండేది కాదు. నేను ఆగలేదు. పనివాళ్ళు నలుగురూ అప్పుడే వచ్చి మిషన్లకు నీళ్ళు పెడుతున్నారు. వాళ్ళ ముందరే మామను పిలిచాను.

"పెట్రోలు ఏమైంది మామా?"

"యే పెట్రోలు?"

"నాటకాలొద్దు. రాత్రికి రాత్రి సగం ట్యాంకు పావు ట్యాంకు ఎట్లయితాది? ఎవరికి పోస్తున్నావు? మీవాళ్ళ ఆటోలకా?"

మామ మొహం నాకింకా కళ్ళముందే ఉంది. కోపం లేదు అందులో. ఒక మాట అర్థం కానప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. మీటరు కేసి చూశాడు, నా కేసి చూశాడు.

"పుల్ల ఉండింటే సూపిచ్చేవాణ్ణి నాయనా" అన్నాడు మెల్లగా.

"పుల్ల లేదు, గిల్ల లేదు. తీయకపోతే దర్గా దగ్గర ప్రమాణం చేస్తావా?"

మిషన్ దగ్గర ఎవరో నీళ్ళ పైపు వదిలేశారు.

ప్రమాణం అంటే మా వైపు చిన్న మాట కాదు. ఒకరి మీద ఒకరు దొంగతనం మోపి, మోపబడినవాడు దేవుడి గడప మీద చెయ్యి పెట్టి కాదన్నాడంటే, మాట అక్కడితో ఆగిపోతుంది. ఇంక పోలీసులు లేరు, పంచాయితీ లేదు. కానీ ఆ రోజు నుంచి ఆ ఇద్దరి నడుమ నీళ్ళు ఆగిపోతాయి. ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు కూడా ముట్టరు. అందుకే బుద్ధున్నవాడు సొంత మనిషిని ప్రమాణం అడగడు. ముందు తిట్టుకుంటాడు, తన్నుకుంటాడు, ఏడుస్తాడు. ప్రమాణం దాకా పోడు.

"చేస్తాలేప్పా, పద" అన్నాడు మామ. నన్ను అప్పా అనడం అదే మొదలు. అప్పటిదాకా ఎప్పుడూ నాయనా అనే పిలిచేవాడు.

ఆ పొద్దే పోయాం. ఆయన దర్గా గడప మీద కుడిచెయ్యి పెట్టి, "నేను ఈయప్ప పెట్రోలు ఒక చుక్క ముట్టలేదు" అన్నాడు. నేను చెప్పుల దగ్గర నిలబడి విన్నాను. బయటికొచ్చి తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. నేను అప్పటికీ ఆయనే తీశాడని నమ్ముతూనే ఉన్నాను. ముసలితనంలో దేవుడి మీద భయం కూడా పోయింది చూశావా అనుకున్నాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ చేస్తున్న పని ఆపేసింది.

"అద్దం మీద టేపు ముక్కను నమ్మి, ఎత్తుకుని పెంచిన మనిషిని గడప తొక్కించి వచ్చినావా? నువ్వు కడుపుకు అన్నమే తింటాండావా?" అంది.

ఆ రోజు ఆమె నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. తర్వాత ఎవరో చెప్పారు, మామ తుమ్మలపల్లె వైపు బంధువుల దగ్గరికి పోయి, గనుల పనికి పోయేవాళ్ళ జీపు తోలుతున్నాడని. ఆ వయసులో, ఆ మట్టి దారుల్లో.

రెండు నెలలు గడిచాయి. అన్నాళ్ళూ కారు షెడ్డులోనే పడి ఉంది. కర్నూల్లో ఒక పని పడి కారులో బయల్దేరాను. మైదుకూరు దాటి కొంత దూరం పోయాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండ, నెత్తిన పైకప్పు లేదు. మీటరు చూస్తే పెట్రోలు ముల్లు పావు మీద ఉంది. పక్కన వేడి మీటరు ముల్లు కూడా ఎర్రగీత దగ్గరికి పోయి ఉంది. ఈ ఎండకు ఇంజను కాలింది, అందుకే ఆగింది అనుకుని అరగంట చెట్టు కింద కూర్చున్నాను. మళ్ళీ తిప్పితే మోగింది గానీ అందుకోలేదు. బైకు మీద పోతున్న రైతు ఒకాయన ఆగి, ట్యాంకు మూత తిప్పించి, పక్క కంప నుంచి ఒక పుల్ల విరిచి లోపలికి దించి తీశాడు.

"యేమప్పా, ట్యాంకు ఎండిపోయింది గదా. పెట్రోలు లేకుండా యాడికి పోతాండావు?" అన్నాడు.

పుల్ల కొన కూడా తడవలేదు. నేను మీటరు చూశాను. పావు మీదే ఉంది. తాళం రెండు నెలలుగా నా జేబులోనే ఉంది, షెడ్డు తాళం కూడా. పెట్రోలు తీయడానికి ఈసారి ఎవరూ లేరు.

ఆ రైతే తిరిగిపోయి సీసాల్లో పెట్రోలు తెచ్చి పోశాడు. దారిలో బంకు దగ్గర ఇంకొంత పోయించుకుని కర్నూలు చేరి, చేయాల్సిన పని వదిలేసి, పాత కార్ల వైరింగు తెలిసిన మనిషి ఎవరని వాకబు చేశాను. ఊరి చివర రేకుల షెడ్డులో ఒకాయన ఉన్నాడన్నారు. కోసిగి మనిషి. వానలు లేని ఏడు ఊరంతా బెంగళూరుకు వలస పోతే ఈయనా పోయి, తట్టలు మోయడానికి బదులు ఒక గ్యారేజీలో చేరి, పదేళ్ళు పాత కార్ల వైర్లే పట్టుకున్నాడట. నాకంటే చిన్నవాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్యాష్‌బోర్డు దగ్గర ఆగి, వేలితో రాయి మీద కొట్టి చూశాడు.

"ఇదేందన్నా, వంటింటి గట్టు పెట్టుకుని తిరుగుతాండారు? దుడ్లు పెట్టి చేయించినారా, ఎవరన్నా ఊరికే ఇచ్చినారా?"

"నా షెడ్డులో చేయించాను" అన్నాను పళ్ళు బిగించి.

"పెట్రోలు మీటరు రిపేరన్నారు. ఇంకేమన్నా తేడా ఉండాదా?"

"వేడి మీటరు కూడా ఎక్కువే చూపిస్తుంది. అది ఎండకు."

"ఎండకు కాదులేన్నా" అని ఆయన సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. "ఇట్ల సూడండి."

యాక్సిలరేటరు తొక్కాడు. ఈ పాతకాలం ముళ్ళు ఎగిరిపడవు, మెల్లగా పాకుతాయి. పెట్రోలు ముల్లు పైకి పాకింది. వేడి ముల్లు కూడా పాకింది. తొక్కడం తగ్గించి హెడ్‌లైట్లు వేశాడు. రెండూ కిందికి జారాయి.

"తొక్కితే పెట్రోలు పెరుగుతాండాది! ఇట్లాంటి కారు నాకొకటి ఇప్పిచ్చండన్నా, పెట్రోలు బంకు పెట్టుకుంటా" అని నవ్వాడు. నేను నవ్వలేదు. మామ కూడా సరిగ్గా ఇదే చూశాడు, ఇదే అడిగాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను ఇంతకుముందు ఎవరి మాటా విననంత శ్రద్ధగా విన్నాను. రెండు మీటర్లు ఒకేసారి చెడిపోవడం అరుదు. రెండూ ఒకేవైపు, ఒకేసారి తప్పు చూపిస్తే తప్పు మీటర్లది కాదు, రెంటికీ కలిపి కరెంటు ఇచ్చే చోట ఉంటుంది. అలాంటి కార్లలో మీటర్ల వెనక అగ్గిపెట్టంత రేకు డబ్బా ఒకటి ఉంటుంది. కారులో కరెంటు నిలకడగా ఉండదు, ఇంజను జోరు మీద ఉంటే ఎక్కువ, లైట్లు వేస్తే తక్కువ. ఆ డబ్బా దాన్ని అణిచి, ఎప్పుడూ పది వోల్టుల లెక్కన పెట్రోలు మీటరుకూ వేడి మీటరుకూ ఇస్తుంది. అయితే అది పని చేయాలంటే దాని ఒళ్ళు కారు ఇనుముకు తగిలి ఉండాలి. దాన్నే ఎర్త్ అంటారు. ఎర్త్ పోతే డబ్బా అణచడం మానేస్తుంది, బ్యాటరీ కరెంటంతా నేరుగా ముళ్ళకు పోతుంది. అప్పుడు ఏమీ లేనిచోట పావు, పావు ఉన్నచోట సగం చూపిస్తుంది.

"డబ్బా యాడుండాదో సూద్దాం" అంటూ డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి టార్చి వేశాడు. తర్వాత బయటికొచ్చి నన్ను కూడా కిందికి దూరి చూడమన్నాడు. సీటు మీద అడ్డం పడి, మెడ తిప్పి చూశాను. కంపెనీ బిగించినప్పుడు ఆ డబ్బాను ఇనప రేకుకు స్క్రూతో పట్టించారు. ఎర్త్ ఆ రేకు నుంచే. ఇప్పుడు ఆ స్క్రూ నా నల్లబండలోకి దిగి ఉంది.

"రాయికి కరెంటు పోతాదా అన్నా?" అన్నాడు.

మా ఫిట్టరు పాపం ఏదో అనుమానం వచ్చి, డబ్బా స్క్రూ నుంచి ఒక సన్న తీగ లాగి వైపరు బోల్టుకు చుట్టాడు. ఊరికే చుట్టి వదిలేశాడు, బిగించలేదు. కారు నడుస్తుంటే అదురుకు తీగ వదులై ఎర్త్ పోతుంది, ముల్లు సగం చూపిస్తుంది. బండి ఆగి, పొద్దున తలుపు ధన్‌మని వేసి కూర్చుంటే తీగ మళ్ళీ తగులుకుంటుంది, ముల్లు పావుకు దిగి నిజం చెబుతుంది. కర్నూలు ఎలక్ట్రీషియన్ ఇదంతా నోటితో చెప్పి ఊరుకోలేదు. తీగను వేలితో బోల్టుకు నొక్కాడు. ముల్లు మెల్లగా కిందికి దిగింది. వదిలాడు, మళ్ళీ సగందాకా పాకింది. నొక్కాడు, వదిలాడు. నల్ల టేపు ముక్క ఇంకా అద్దం మీదే ఉంది. ముల్లు సరిగ్గా దాని దగ్గరికి వచ్చి ఆగేది.

"చాలు" అన్నాను.

పెట్రోలు ఎవరూ తీయలేదు. సాయంత్రం పావే ఉంది, పొద్దునా పావే ఉంది. మామ చేతిలో పుల్ల ఉండి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. ఆ పుల్ల విరిచింది నేను. ముళ్ళకు అబద్ధం నేర్పిన రాయి పెట్టించింది నేను. ఆ అబద్ధానికి ఆయనతో ప్రమాణం చేయించింది కూడా నేనే. నాకు సిగ్గేసింది. ఆ మనిషి ముందే ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టు పోయి చేతులు కడుక్కున్నాడు.

రాయి తీసేయమన్నాను. ఇనప రేకు కోయించి, మీటర్లన్నీ దానికి బిగించి, డబ్బాకు మందమైన ఎర్త్ తీగ వేసి, కొసకు రింగు నొక్కి బోల్టుతో బిగించేసరికి రెండు రోజులు పట్టింది. బండను డిక్కీలో పెట్టుకున్నాను. ఇంటికి పోలేదు. కడప మీదుగా నేరుగా పులివెందుల దారి పట్టాను.

తుమ్మలపల్లె దగ్గర మామ ఉంటున్న ఇల్లు వెతుక్కుని పోయేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ఎత్తు దారి ఎక్కి రావడంతో వేడి ముల్లు ఎర్రగీత దగ్గర ఉంది. ఈసారి అది నిజమే చెబుతోంది. మామ ఇంటి ముందర నులక మంచం మీద కూర్చుని జీపు బెల్టేదో చూసుకుంటున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

నిలబడే అంతా చెప్పాను. రాయి, డబ్బా, తీగ, సగం, పావు. "నాది తప్పు మామా. నువ్వు తీయలేదు" అన్నాను.

ఆయన బెల్టు పక్కన పెట్టాడు.

"నేను తీయలేదని నాకు తెలుసు గదప్పా. నాకు చెప్తే యేం లాభం?" అన్నాడు. "ఆ పొద్దు నలుగురు ముందర అంటివి. ఆ నలుగురికి చెప్పు."

ఇంతలో మామ భార్య లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. చెయ్యి చాచబోయాను. నాలుక పిడచగట్టి ఉంది. మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈయప్పకు ఇయ్యగూడదు. నడుమ ప్రమాణం ఉండాది" అన్నాడు. తర్వాత ఆ చెంబు తన చేతిలోకి తీసుకుని, కారు దగ్గరికి నడిచి బానెట్ ఎత్తాడు. పాత గుడ్డ వేసి రేడియేటరు మూతను కొంచెం తిప్పి, ఆవిరి బుస్సుమని పోయేదాకా ఆగి, మూత తీసి నీళ్ళు మెల్లగా పోశాడు. చాల్లేదు, ఇంకో రెండు చెంబులు తెప్పించి పోశాడు. "దీనికీ నాకూ యే మాటా లేదు" అన్నాడు, బానెట్ దించుతూ.

ఆ ఎండలో కడప దాకా తిరిగొచ్చాను. దారిలో హోటళ్ళున్నాయి, సీసాల్లో నీళ్ళున్నాయి. ఎక్కడా దిగబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున షెడ్డులో రెండు మిషన్లూ ఆపించాను. నలుగురినీ పిలిచి, డిక్కీలోంచి బండ తీసి వాళ్ళ ముందర పెట్టి, ఏం జరిగిందో చెప్పాను. "మామ పెట్రోలు తీయలేదు. నేను అన్నది తప్పు. మీ ముందర అన్నాను కాబట్టి మీ ముందరే చెప్తున్నాను." అరవకుండా చెప్పడం నాకు చాలా కష్టమైంది. గొంతు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరిలోకీ పెద్దవాడు చివరికి అన్నాడు.

"మాకు ఆ పొద్దే తెలుసు కదన్నా."

"ఏం తెలుసు? రాయి సంగతా?"

"రాయి సంగతి మాకేం తెలుసు. ఆయప్ప తీయడని తెలుసు."

"మరి ఒక్కడన్నా చెప్పలేదేం?"

అతను బండ కేసి చూస్తూ, "మీరు అరుస్తాంటిరి కదన్నా" అన్నాడు.

మిషన్లు వేయమన్నాను. రొద మొదలయ్యాక ప్రాణానికి కొంచెం హాయిగా అనిపించింది.

తర్వాతి వారం మళ్ళీ తుమ్మలపల్లె పోయాను. ఈసారీ ఫోను చేసి పోలేదు, ఏం మాట్లాడాలో అనుకుని కూడా పోలేదు. మామ అదే మంచం మీద ఉన్నాడు. నేను చెప్పకముందే, "ఫోన్ చేసినారులే షెడ్డోళ్ళు" అన్నాడు. మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. కూర్చున్నాను. ఇద్దరం కారు కేసి చూస్తూ కూర్చున్నాం. తిరిగి పనిలోకి రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు, ఆయనా ఆ మాట ఎత్తలేదు. జీపు కిరాయిలు బాగానే ఉన్నాయన్నాడు.

కొంతసేపటికి లేచిపోయి కారు ట్యాంకు మూత తిప్పాడు. గోడకు ఆనించి ఉన్న వెదురు పుల్ల తీసుకున్నాడు. కొత్త పుల్ల. నాలుగు గాట్లు పెట్టి ఉన్నాయి. అడుగుదాకా దించి, తీసి, ఎండకు ఎత్తి చూశాడు.

"మీటరు ఎంతంటాండాది?"

నేను పోయి తాళం తిప్పి చూశాను. "సగానికి కొంచెం తక్కువ మామా."

"అంతే ఉండాది" అని పుల్ల తుడిచి సీటు పక్కన పెట్టాడు. "కారులోనే పెట్టుకో నాయనా."

ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. గుమ్మం దగ్గర ఆగి ఆయన మొహం చూసింది. మామ చెయ్యి అడ్డం పెట్టలేదు, జీపు కేసి తిరిగి టైర్లు చూసుకుంటున్నాడు. ఆమె చెంబు నాకిచ్చింది. అక్కడి నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను.